అచ్చియ్యమ్మ ఎంచిన స్కోపు

అచ్చియ్యమ్మ ఎడమచెయ్యి భుజం దాటి పైకి లేవదు. జడ వేయాలంటే కూతురు ఝాన్సీ వచ్చి వెనక కూర్చోవాలి. దేవుడి పటానికి దండ వేసేటప్పుడు మాత్రం ఎవరినీ దగ్గరకు రానివ్వదు. పీట ఎక్కి కుడిచేత్తో దండ ఒక కొస తగిలిస్తుంది. దిగి పీటను రెండోవైపుకు జరుపుతుంది. మళ్ళీ ఎక్కి రెండో కొస తగిలిస్తుంది. తరవాత ఆ కుడిచేత్తోనే ఎడమచేతిని పట్టుకుని గుండెల దాకా తెచ్చి దణ్ణం పెట్టుకుంటుంది.

చోడవరం నుంచి రావికమతం వెళ్ళే దారిలో, రోడ్డు మీదికి చెరకుతోటలు ఒరిగి ఉండే చోట మా ఊరు. అచ్చియ్యమ్మ అయిదో తరగతి చదివి మానేసి తోటపనిలోకి వచ్చింది. ఎండుటాకు తీయడం, గాలికి పడకుండా నాలుగేసి గడల ఆకులు మెలిపెట్టి జడ చుట్టడం, నరకడం, మోపు కట్టడం ముప్పయ్యయిదేళ్ళు చేసింది. భర్త పోయాక కూడా ఒక్కరోజు పని మానలేదు. ఆమె మోపులు కట్టిన తోట గట్టు మీద రోజూ రెండు మూడు మంచి గడలు విడిగా ఆనించి ఉండేవి. బడికి వెళ్ళే పిల్లలకని. తోట యజమాని కొండబాబు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అతని మంచితనం ఆ పాటిది, అది కాదనలేం.

ఆ చేతికి తూటా తగిలింది కిందటేడు కార్తీకమాసంలో.

కొండబాబు తోటలో అడవిపందులు పడి చెరకు మొదళ్ళు పెళ్ళగించేవి. ఊళ్ళో అనుమతి ఉన్న తుపాకీ బంగార్రాజుది ఒక్కటే. పంట కాపలా కోసం వాళ్ళ నాన్న కాలంలో వచ్చిన లైసెన్సు. ఆ తెల్లవారుజామున అతను మోటారు షెడ్డు కప్పు మీద కూర్చుని పందుల కోసం చూస్తున్నాడు. అదే పొద్దున పెందలాడే వచ్చి జడలు చుట్టమని కొండబాబే అచ్చియ్యమ్మకు కబురు పెట్టాడు. ఆ సంగతి బంగార్రాజుకు చెప్పడం మరిచిపోయాడు. మంచు కురుస్తోంది. చలికి ఆమె చీర మీద భర్త నీలం చొక్కా తొడుక్కుంది. వంగి ఆకులు మెలిపెడుతుంటే తూటా ఎడమ జబ్బలోంచి దూసుకుపోయింది.

ఆటోలో కొండబాబు ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉండగా, బయట నిలబడి బంగార్రాజు అన్న మాట ఆమె చెవిన పడింది. "ఆ యేలప్పుడు దాన్ని తోటలోకి ఎవడు రమ్మన్నాడు?"

మూడు వారాలు విశాఖపట్నం ఆస్పత్రిలో ఉంది. బంగార్రాజు ఒక్కసారీ రాలేదు. అతని భార్య మహాలక్ష్మమ్మ మాత్రం రోజు విడిచి రోజు బస్సెక్కి క్యారేజీ తెచ్చేది. మంచం దగ్గరికి వచ్చే ధైర్యం లేక ఆస్పత్రి ఆయా చేతికిచ్చి వరండాలో నిలబడేది. ఖాళీ క్యారేజీ కడిగి తిరిగి పంపమని అచ్చియ్యమ్మ ఝాన్సీకి చెప్పేది. వాళ్ళిద్దరి మధ్య అంతే. మాటల్లేవు.

పోలీసు కేసయింది. తుపాకీ స్టేషనుకు పోయింది. కోర్టులో పెద్దలు రాజీ కుదిర్చారు. పోలీసుల దగ్గర, కోర్టులో, టీకొట్టు దగ్గర, ఎక్కడ అడిగినా బంగార్రాజు ఒకటే చెప్పాడు. "మంచులో నల్లటి యీపు కనపడింది. పందే అనుకున్నాను."

ఆనాటి దాకా అతన్ని అచ్చియ్యమ్మ 'బాబు' అనేది. ఆ తరవాత అతని పేరు కూడా ఎత్తలేదు. ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే 'ఆ తుపాకీ మనిషి' అనేది.

ఏడాది గడిచింది. తుపాకీ లేకపోయేసరికి పందులు పట్టపగలే గట్లెక్కడం మొదలుపెట్టాయి. బుచ్చయ్యపేట వైపు ఒకాయన్ని తొడ మీద పొడిచాయని కూడా విన్నాం. రైతులంతా తుపాకీ తిరిగి ఇప్పించమని అర్జీ పెట్టారు. దెబ్బతిన్న మనిషి తనకు అభ్యంతరం లేదని రాసిస్తేనే చూస్తామని ఆఫీసులో చెప్పారు. అలా ఒక కాగితం పట్టుకుని మాఘమాసంలో ఒక సాయంత్రం కొండబాబు అచ్చియ్యమ్మ గుమ్మంలోకి వచ్చాడు. బంగార్రాజు రోడ్డు మీదే బండి ఆపి, దిగకుండా కూర్చున్నాడు. వెనక సీటు మీద అతని మేనల్లుడు సంతోష్‌కుమార్. విశాఖపట్నంలో ఏదో కంపెనీలో పని చేస్తాడు, సెలవుకు వచ్చాడు.

"ఒసే అచ్చియ్యమ్మా, ఇక్కడో సంతకం ఎట్టేయి. ఊరందరి పని ఇది," అన్నాడు కొండబాబు.

"ఊరందరిదీ అయితే ఊరందరూ ఎట్టండి."

"నీ సంతకమే కావాలంటన్నారు."

"ఎందుకు కావాలి బాబూ? ఈ సెయ్యి నాది కాబట్టి. రేపు ఆ తోటలో నా బదులు ఒంగునేది మా గుంట ఝాన్సీ. పందికీ మా గుంటకీ తేడా తెలిసీదాకా నాను సంతకం ఎట్టను."

రోడ్డు మీంచి బంగార్రాజు అరిచాడు. "మంచండీ, మంచు! మంచులో దేవుడికైనా కనపడదు!"

"దేవుడు తుపాకీ అట్టుకుని షెడ్డెక్కడు," అంది అచ్చియ్యమ్మ. అతనితో కాదు, కొండబాబుతో.

సంతోష్‌కుమార్ బండి దిగి వచ్చాడు. మర్యాద తెలిసిన కుర్రాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. "పిన్నీ, ఇప్పుడు తుపాకీ మీద స్కోపు బిగిస్తారు. దుర్భిణీ లాంటిది. దూరంగా ఉన్నది దగ్గరగా కనపడతాది. మసకలో కూడా మనిషా జంతువా తెలిసిపోద్ది. మంచిది ఒకటి కొంటే మీకు భయం ఉండదు."

"మంచిదని ఎవలు సెప్పాలి?"

"షాపువాడు చెప్తాడు."

"షాపోడి కూతురు మా తోటలో పని సేత్తదా?" కాగితం మడిచి కొండబాబు చేతిలో పెట్టింది. "అద్దాలు తెమ్మను. నాను సూత్తాను. నాను ఏరిందే బిగించాలి. అప్పుడు సంతకం సంగతి."

బంగార్రాజు గట్టిగా నవ్వాడు. "కొడవలి అట్టుకునే మనిషి స్కోపు ఏరుద్దంట! ఇన్నారా?"

ఆమె మొదటిసారి అతని వైపు తిరిగింది. "కొడవలి కొన్నప్పుడు పదునుందో లేదో సూసుకుని కొంటాను. నువ్వు సూడకుండానే కొట్టేవు."

బండి స్టార్టయి వెళ్ళిపోయింది.

పది రోజులకు సంతోష్‌కుమార్ మూడు స్కోపులు తెచ్చాడు. రెండు విశాఖపట్నం తుపాకుల షాపులో, గీత పడకుండా తిరిగి ఇవ్వాలన్న షరతు మీద. ఒకటి ఫోనులో తెప్పించాడు. అన్నిటికంటే ఖరీదైనదాని ముందు గాజు అరచేయంత ఉంది. అది ఎంత వెడల్పయితే మసకలో అంత వెలుతురు పట్టుకుంటుందట.

చూద్దామని అచ్చియ్యమ్మ, ఝాన్సీ వెళ్ళేసరికి బంగార్రాజు ఇంట్లో కేకలు వినిపిస్తున్నాయి. జరిగిందేమంటే, ఇంటికి కొత్త వస్తువు వచ్చిందని మహాలక్ష్మమ్మ అరుగు మీద ముగ్గేసి, మూడు స్కోపులూ వరసగా పెట్టి బొట్టు పెట్టింది. బండి కొన్నా, మిక్సీ కొన్నా ఆవిడ చేసేది అదే. రెండు స్కోపులకు గొట్టం మీద పెట్టింది. ఖరీదైనదానికి ముందున్న పెద్ద గాజు గుండ్రంగా, నిగనిగలాడుతూ, అచ్చం నుదురులా కనిపించింది. దానికి నిండుగా పసుపు రాసి మధ్యలో కుంకుమ పెట్టింది. సంతోష్‌కుమార్ చూసి గోలపెడితే, కంగారులో అరుగు మీద ఉన్న గుడ్డ తీసి గట్టిగా తుడిచింది. ఆ గుడ్డలో ముగ్గుపిండి ఉంది.

గాజు మీద సన్నటి గీతలు, సాలెగూడులా. ఎండకు ఎదురుగా పెడితే లోపలంతా తెల్లగా మెరిసిపోతోంది.

"ఇక దీన్ని వెనక్కి తీసుకోడు మావయ్యా," అన్నాడు సంతోష్‌కుమార్ ఏడుపుగొంతుతో.

"బుర్ర ఉందేటి నీకు? కళ్ళకి బొట్టెడతావేటే?" బంగార్రాజు భార్య మీదికి చెయ్యెత్తాడు.

"ఆ సెయ్యి దింపు," అంది అచ్చియ్యమ్మ వాకిట్లోంచి. "గుడ్డతో తుడిస్తే పాడైపోయే సరుకు తోటలో ఎన్నాళ్ళుంటది? సెరుకాకు గీసుకోదా? దుమ్ము పడదా? నువ్వు సొక్కాతో తుడవవా? ఆయమ్మ మంచి పనే సేసింది. అది నాకొద్దు."

బంగార్రాజు చెయ్యి దిగింది. ముఖం మాత్రం గంటుపెట్టుకునే ఉంది. మహాలక్ష్మమ్మ లోపలికి పోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, అచ్చియ్యమ్మ ముందు అరుగు మీద పెట్టి, నిలబడింది. అచ్చియ్యమ్మ కాసేపు ఆ చెంబు వైపు చూసి, తీసుకుని తాగింది. ఆ ఇంటి నీళ్ళు ఆమె ముట్టడం ఏడాదిలో అదే మొదలు.

మిగతా రెండింటినీ ఆమె కొండబాబు బెల్లం వండే పాకకు పట్టించుకు వెళ్ళింది. అక్కడ పెద్ద పెనంలో చెరకురసం కుతకుతలాడుతోంది. పాక చూరు దాకా ఆవిరి.

"పక్కనున్న కొట్లో కూల్‌డ్రింకుల ఐసుపెట్టె ఉంది కదా. అందులో కాసేపు ఎట్టి తెండి," అంది.

"పిన్నీ, ఎందుకు?"

"తెల్లారగట్ల మంచు. పొద్దెక్కితే ఎండ. తోటలో దానికి రోజూ జరిగేది ఇదే కాదేటి? నాను ఒక్క పూటలో సేసేత్తన్నాను."

ఐసులోంచి తీసిన స్కోపుల్ని తాడు కట్టి పెనం పైన ఆవిరికి వేలాడదీసింది. సంతోష్‌కుమార్ రెండు చేతులూ కింద పట్టి, జారిపడితే పట్టుకోవడానికి గొంతుక్కూర్చున్నాడు. బెల్లం వండేవాళ్ళు నవ్వుతున్నారు.

"పాకంలో ముంచి తీ బాబూ, తియ్యగా కనపడతాది," అన్నాడొకడు.

"పందులు సీమల్లాగ దానికే అంటుకుపోతాయి!"

నవ్వనివాడు బంగార్రాజు ఒక్కడే. "ఇది మిలిట్రీవోడు కూడా సెయ్యడు," అన్నాడు.

"మిలిట్రీవోడు మా ఊరోళ్ళని కొట్టలేదు," అంది ఆమె.

నవ్వుతున్నవాళ్ళు పెనం కలపడంలో పడ్డారు.

దింపి పైన చెమ్మ తుడిచి చూస్తే, ఫోనులో తెప్పించినదాని లోపల ఆవిరి చేరింది. లోపలి గాజు మీద చిన్న చిన్న బొట్లు. ఎంత తుడిచినా పోయేవి కావు, ఎందుకంటే తుడవడానికి అక్కడికి చెయ్యి వెళ్ళదు. రెండోది లోపల పొడిగా, తేటగా ఉంది. నల్లటి గొట్టం, మరీ లావూ కాదు, మరీ సన్నమూ కాదు. లోపల అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. రెండూ కలిసేచోట తూటా తగలాలి.

"ఇది ఇప్పుడు నిజం సెప్తంది. రేపు కూడా సెప్తదేటి?" అని అడిగింది.

మంచి ప్రశ్నే అని సంతోష్‌కుమార్ ఒప్పుకున్నాడు. తుపాకీ పేలినప్పుడల్లా వెనక్కి తంతుంది, ఆ తాపుకు నాసిరకం స్కోపుల్లో గీత పక్కకు జరిగిపోతుంది, అప్పుడు చూసేది ఒకచోట, తగిలేది ఒకచోట అని చెప్పాడు.

ఇప్పుడు తుపాకీ స్టేషనులో ఉంది. అందుకని చెక్క మీద బిగించారు. తుపాకీ అంత పొడవు చెక్కకు స్కోపును మరలతో బిగించి, మోటారు షెడ్డు కప్పు మీద రెండు రాళ్ళలో గాడి తీసి, చెక్క ప్రతిసారీ అదేచోట కూర్చునేటట్టు చేశారు. ఎదురుగా కొండబాబు పాక గోడ మీద సుద్దతో ఒక చుక్క పెట్టి, గీతలు రెండూ ఆ చుక్క మీద కలిసేటట్టు తిప్పారు. తరవాత చెక్కను చెరకు ట్రాక్టరు ట్రక్కుకు కట్టి ఫ్యాక్టరీకి పంపించింది అచ్చియ్యమ్మ. మా రోడ్డు గోతుల సంగతి ఆ రోడ్డు మీద వెళ్ళినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

సాయంత్రం తిరిగి వచ్చాక చూస్తే గీత చుక్క మీద లేదు. జానెడు పక్కన ఉంది.

"అయిపోయింది!" బంగార్రాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మూడూ పోయాయి. ఇంక ఏటేరుతావు? నీకు కావలసింది స్కోపు కాదు. నాకు తుపాకీ రాకుండా ఉండటం. అదే కదా నీ పంతం?"

"అవును, పంతమే. నీకు పంతం లేదేటి? ఏడాదై ఒక్క మాట అన్లేదు నాతో."

"ఏటనాలి? కావాలని కొట్టేనా?"

"నాను ఆ మాట అన్లేదు."

వాళ్ళిద్దరూ అలా అరుచుకుంటుండగా సంతోష్‌కుమార్ వంగి చెక్క చూస్తున్నాడు. మర ఒకటి వదులైంది. స్కోపు తప్పు కాదు, బిగింపు తప్పు. గట్టిగా బిగించి, మళ్ళీ చుక్క మీదికి తెచ్చి, మర్నాడు మళ్ళీ పంపారు. ట్రాక్టరు డ్రైవరు మంచివాడు. ముందురోజు పాపం స్కోపుకు దెబ్బ తగిలిందని బాధపడి, ఈసారి చెక్క కింద గోనెసంచి మడిచి మెత్తగా వేశాడు. అచ్చియ్యమ్మ చూసింది.

"గోనె తీసెయ్యి నాయనా. నీ మనసు మంచిదే. తుపాకీ కింద గోనె ఉండదు."

ఆ సాయంత్రం గీత చుక్క మీదే ఉంది. మూడోరోజు కూడా. బంగార్రాజు స్వయంగా కప్పెక్కి చూసి దిగాడు.

"సరే. ఇదే. ఇప్పుడు సంతకం ఎట్టు," అన్నాడు కొండబాబు కాగితం తీసి.

"అద్దం మంచిదని తెలిసింది. మనిషి సంగతి తెలవాలి. రేపు తెల్లారగట్ల ఆ మనిషిని షెడ్డెక్కమనండి. నాను తోటలోకి ఎల్తాను. ఆ పొద్దు ఉన్నచోటికే."

ఝాన్సీ తల్లి చెయ్యి పట్టుకుంది. ఏడాదిగా అచ్చియ్యమ్మ ఆ తోటలో అడుగు పెట్టలేదని అందరికీ తెలుసు. గట్టు దాకా కూతుర్ని దిగబెట్టి, సాయంత్రం దాకా అక్కడే కూర్చునేది.

మర్నాడు మంచు బాగానే కురిసింది. అమ్మవారికి దీపం పెట్టి, భర్త నీలం చొక్కా తొడుక్కుని బయలుదేరింది అచ్చియ్యమ్మ. తూటా పోయిన చోట చొక్కా చేతికి కుట్టు ఉంది. నీలం దారం లేక ఝాన్సీ తెల్లదారంతో కుట్టింది. షెడ్డుకూ ఆమె పడిన చోటుకూ నడుమ ఎనభై అంగలు. తోట అంచున, గడల ముందు నిలబడింది. కప్పు మీద బంగార్రాజు చెక్క వెనక బోర్లా పడుకున్నాడు. పక్కన సంతోష్‌కుమార్, కింద కొండబాబు. తుపాకీ కాదని, ఉత్త చెక్క అని తెలిసినా, అది తన వైపు తిరిగేసరికి ఆమె కుడిచేత్తో పక్కనున్న గడ పట్టుకుంది. వెంట వచ్చిన ఝాన్సీ చూసింది. తల్లి మాత్రం అక్కడ్నించి కదల్లేదు.

"ముందు ఉత్తికళ్ళతో సెప్పు!" అని అరిచింది. "ఏటి కనపడతంది?"

"నల్లగా ఏదో ఉంది."

"ఏటది?"

"తెలీదు."

"ఇప్పుడు అద్దంలోంచి సూడు!"

బంగార్రాజు స్కోపుకు కన్ను ఆనించి, తీసి, మళ్ళీ ఆనించాడు.

"మావయ్యా?" అన్నాడు సంతోష్‌కుమార్.

"సొక్కా సేతికి..." బంగార్రాజు మోచేతుల మీద కొంచెం ముందుకు జరిగాడు. "సొక్కా సేతికి తెల్లదారం కుట్టుంది."

తోట దగ్గర అచ్చియ్యమ్మ కుడిచెయ్యి తనంతట తానే ఆ కుట్టు మీదికి వెళ్ళింది.

"పక్కన ఎవలున్నారు?"

"ఎవరూ లేరు. నువ్వొక్కదానివే."

"మా గుంట ఉంది! రెండు బారల దూరంలో నిలబడుంది!"

సంతోష్‌కుమార్ గబగబా చూశాడు. స్కోపు మీద తిప్పుడు పట్టీ అన్నిటికంటే పెద్ద అంకె మీద ఉంది. పెద్దగా చూపించేకొద్దీ చుట్టుపక్కల తక్కువ కనపడుతుంది. చిన్న అంకె మీదికి తిప్పితే ఝాన్సీ కూడా కనిపించింది, నారింజరంగు చున్నీతో సహా.

"ఆ పట్టీ అక్కడే ఉంచి టేపు సుట్టెయ్యండి. నాకు పెద్దగా సూపించేది అక్కర్లేదు. సుట్టూ సూపించేది కావాలి," అంది అచ్చియ్యమ్మ. తరవాత గడల మధ్యకు వంగి, మూడు వరసలు లోపలికి వెళ్ళి, ఆ రోజు చేసిన పనే మొదలుపెట్టింది. నాలుగు గడల ఆకులు దగ్గరకు లాగి, కుడిచేత్తో మెలిపెట్టి, పళ్ళతో పట్టుకుని చుట్టింది.

ఆకుల మధ్య నుంచి ఆమె గొంతు వచ్చింది. "ఇప్పుడో?"

"ఆకు కదుల్తంది."

"ఆకు ఎనకాల ఏటుంది?"

"కనపడ్డం లేదు."

"సరిగ్గా సూడు! ఏరి కోరి తెచ్చిన అద్దం!"

"లేదంటన్నాను కదా! ఆకే ఉంది! ఏ అద్దమైనా ఆకు దాటి సూపించదు!"

"నల్లటి యీపు కనపడతందా?"

కొండబాబు తలెత్తి పైకి చూశాడు.

"ఆ పొద్దు నాను ఇక్కడే ఉన్నాను," అంది ఆమె. "ఇదే సొక్కా. ఇదే మంచు. నీ కళ్ళకి అద్దం కూడా లేదు. నల్లటి యీపు నీకెక్కడ కనపడింది?"

మంచులో ఎక్కడో నీళ్ళకోడి కూసింది. బంగార్రాజు స్కోపు మీంచి తల ఎత్తలేదు. అలా పడుకునే చెప్పాడు, సంతోష్‌కుమార్‌కు కూడా సరిగ్గా వినపడనంత మెల్లిగా.

"గట్టిగా!"

"ఆకు కదిలింది!" అని అరిచాడు. "ఆకు కదిలింది, కొట్టేసేను! సాలా?"

"సాల్దు. ఆకు కదిలి మనిషి కనపడకపోతే ఇంక ఏటి సేస్తావు?"

"కాల్చను!"

"ఇంకోపాలి."

"కాల్చనంటన్నాను! పంది పోతే పోయింది!"

అచ్చియ్యమ్మ తోటలోంచి బయటికి వచ్చింది. ముఖం నిండా మంచునీళ్ళు, చెరకునూగు. అవి తుడుచుకోకుండానే కొండబాబు దగ్గర కాగితం, పెన్ను తీసుకుంది. మోటారు పెట్టె మీద పెట్టి, తన సంతకం పెట్టే చోటికి పైన అయిదో తరగతి దస్తూరీతో రెండు వరసలు రాసింది. ఆకు కదిలితే కాల్చనని, మనిషో జంతువో కళ్ళారా చూసిన తరవాతే కొడతానని, ఆ పొద్దు చూడకుండానే కొట్టానని. కింద బంగార్రాజు పేరు రాసి పెన్ను చాపింది.

"ఇలా రాస్తే ఆఫీసులో తీసుకోరేమో పిన్నీ," అన్నాడు సంతోష్‌కుమార్.

"తీసుకోపోతే నా దగ్గరకి రమ్మను."

బంగార్రాజు నిచ్చెన దిగి వచ్చి నిలబడ్డాడు. కాగితం చదివాడు. మెడ నరాలు ఉబ్బాయి. చింపేస్తాడనే అనుకున్నాడు కొండబాబు. చింపలేదు. పెన్ను తీసుకుని, కాగితం చిరిగేటంత గట్టిగా సంతకం చేసి, ఆమె వైపు చూడకుండా గట్టు మీంచి వెళ్ళిపోయాడు. క్షమించమని అడగలేదు. ఆమె కూడా ఎదురు చూడలేదు. అతని సంతకం కింద తన సంతకం పెట్టింది.

ఆఫీసులో ఏమన్నారో గానీ, ఫాల్గుణం వెళ్ళేలోగా తుపాకీ వచ్చింది. నల్ల స్కోపు బిగించారు. పట్టీ మీద టేపు కూడా అలాగే ఉంది. మొదటి తెల్లవారుజామున బంగార్రాజు షెడ్డెక్కాడు. ఊరంతా పడకల్లోంచే తుపాకీ చప్పుడు కోసం చెవులొగ్గింది. చప్పుడు రాలేదు.

పొద్దెక్కాక కొళాయి దగ్గర కొండబాబు గొంతు వినిపించింది. "పందులు రెండు వరసలు తవ్వేసేయండీ! ఈయన కళ్ళెదురుగానే! అంత మంచి స్కోపెట్టుకుని ఏటి సూత్తన్నావయ్యా?"

"ఆకు కదిలింది. ఏటో కనపడలేదు. ఒగ్గేసేను," అన్నాడు బంగార్రాజు.

"పందే అది!"

"అయితే నువ్వెక్కు షెడ్డు! నాను సంతకం ఎట్టేను, నువ్వెట్టేవా?" బండి విసురుగా తన్ని స్టార్టు చేసుకుని పోయాడు.

అచ్చియ్యమ్మ బిందె నింపుకుంటూ అంతా విన్నది. బిందె ఇంట్లో దింపి, కొడవలి తీసుకుంది. ఝాన్సీ ఎప్పటిలాగే తల్లిని గట్టు మీద కూర్చోబెట్టబోయింది.

"నాను ముందు ఎల్తాను. నా ఎనకాల రా," అంది తల్లి.

"భయం లేదా?"

"ఈ ఒక్కరోజుకి లేదు. రేపటి సంగతి రేపు సూద్దాం."

చీర కుచ్చెళ్ళు దోపుకుని, లేవని చెయ్యి పొట్టకు ఆనించుకుని, కుడిచేత్తో ఆకులు పక్కకు తోసుకుంటూ చెరకులోకి వెళ్ళింది. ఆమె వెళ్ళిన దారంతా ఆకులు కదిలాయి. మధ్యాహ్నానికి గట్టు మీద రెండు మంచి గడలు ఆనించి ఉన్నాయి, బడిపిల్లల కోసం.